ఎదురుకాళ్ల అక్క

పోయిన శనివారం శ్రీధర్ వాళ్ళింట్లో కొరియన్ సినిమా చూశాం. చూశాం అంటే వాళ్ళు చూశారు, నేను సగంలో లేచి కిందికి వచ్చేశాను. ఎప్పుడో రాజుగారు పాతిపెట్టిన నిధి కోసం నలుగురు దొంగలు కొండను తవ్వే కథ అది. కామెడీ. తెలుగు డబ్బింగ్ కూడా ఉంది. అమెరికాలో, ఈ ప్లేనోలో మా అందరి ఇళ్ళలాగే శ్రీధర్ ఇంట్లోనూ మేడమీద ఒక సినిమా గది, గోడంత తెర, కాళ్ళు చాపుకునే కుర్చీలు ఉన్నాయి. ఒకచోట గొయ్యి కూలిపోయి లావుపాటి దొంగ మెడదాకా మట్టిలో కూరుకుపోతాడు. మిగతా ముగ్గురికీ వాడిని లాగడం చేతకాదు. వాడు ఆకలని ఏడుస్తుంటే పుల్లలతో నూడుల్స్ తినిపిస్తారు. గదిలో అందరూ పడీపడీ నవ్వారు. మా ఆయన కళ్ళు తుడుచుకుంటూ మరీ నవ్వాడు.

నాకు ఒళ్ళు మండింది. సినిమా తీసినవాళ్ళ మీద కాదు, పాపం వాళ్ళకేం తెలుసు. ఆ గదిలో కూర్చున్నవాళ్ళకి తెలుసు. మట్టిలో కూరుకుపోయిన మనిషి ఎలా ఉంటాడో అక్క వాళ్ళకి చెప్పింది. గృహప్రవేశం భోజనాల దగ్గర నిలబడి, అందరూ వింటుండగా చెప్పింది. విన్న చెవులతోనే ఇప్పుడు పాప్‌కార్న్ నములుతూ నవ్వుతున్నారు.

అక్క అంటే నాకు రక్తసంబంధం ఏమీ లేదు. ఇక్కడి తెలుగువాళ్ళలో పెద్దాచిన్నా అందరికీ ఆవిడ అక్కే. సీమ నుంచి వచ్చి, డేటాబేసుల మీద పని చేస్తూ, చిన్న ఇంట్లో ఒక్కతే ఉండేది. పోయిన చలికాలం ఆఫీస్ పార్కింగ్‌లో కారెక్కబోతూ కూలిపోయింది. గుండె. పేరు రాయను. రాస్తే ఒప్పుకునే మనిషి కాదు, "నా పేరుతో నీకేం పనిమ్మే" అని దులిపేసేది.

గుడి హాల్లో సంస్మరణ సభ పెట్టారు. మైకు పట్టుకున్న ప్రతివాడిదీ ఒకటే పాట. చాలా మంచి మనిషి గానీ కోపం ఎక్కువ. మనసు వెన్న గానీ నోరే. ఆ 'గానీ' లేకుండా ఒక్కడైనా మాట్లాడతాడేమోనని చూశాను. ఒక్కడూ మాట్లాడలేదు. ఆవిడ కోపం వల్ల బాగుపడినవాళ్ళు ఆ హాల్లో సగం మంది ఉన్నారు. ఆ కోపాన్నే మచ్చలా చెప్పుకుని, పులిహోర తిని ఇళ్ళకి పోయారు.

కోపం అంటారా, ఉండేది. కొందరికి కోపం ముక్కుమీద ఉంటుందంటారు. అక్కకి అంత దూరం కూడా ఉండేది కాదు. కోపం వస్తే ముందు కళ్ళజోడు తీసేది. చున్నీ చివర పట్టుకుని అద్దాలు తుడిచేది. ఆ తుడవడం మొదలైందంటే ఎదుటివాడు మాట మింగేయాల్సిందే. అంతా అనేశాక జోడు మళ్ళీ పెట్టుకుని, "నాకు కోపం రాలేదు. చెప్తాండా, అంతే" అనేది. ఆ మాట మేమందరం వెనకాల అనుకరించేవాళ్ళం.

ఇంటికో వంటకం తెచ్చుకునే పాట్‌లక్ భోజనాలు ఎలా జరుగుతాయో తెలిసిందే. మగవాళ్ళు సోఫాల్లో వీసాల గురించి, ఆడవాళ్ళు వంటింట్లో పిల్లల గురించి. ఆకలేసినప్పుడు సోఫాల వైపు నుంచి ఎవరో ఒకరు "ఏమైనా ఉందా" అని కేకేస్తారు. ఒకసారి అక్క బిర్యానీ ట్రే మొత్తం మోసుకుపోయి వాళ్ళ మధ్య టీపాయ్ మీద దబ్బుమని పెట్టింది. గరిటె మా ఆయన చేతికిచ్చి, దేవుడు నీకు కూడా రెండు చేతులిచ్చాడు, వడ్డించు అంది. మా ఆయన వడ్డించాడు. ఆ రోజు నుంచి మా గుంపులో మగవాళ్ళు ఎవరి పళ్ళెం వాళ్ళే పెట్టుకుంటున్నారు. ఇదీ కోపం ఎక్కువ అన్న ఖాతాలోనే పడింది.

ఇంకొకటి ఉంది. అక్క ఎదురుకాళ్లతో పుట్టింది. పుట్టేటప్పుడు తల కాకుండా కాళ్ళు ముందు బయటికి వచ్చాయన్నమాట. అలా పుట్టినవాళ్ళు కాలితో తొక్కితే పట్టేసిన నడుం వదులుతుందని మనవైపు నమ్మకం. పొద్దస్తమానం కుర్చీల్లో ముడుచుకుని కోడ్ రాసుకునే జాతి మాది, నడుములు పట్టేయక ఏమవుతాయి. డాక్టర్ అపాయింట్‌మెంట్ వచ్చే నెలకి దొరుకుతుంది, అక్క సాయంత్రానికి దొరుకుతుంది.

నాకు బట్టల బుట్ట ఎత్తబోయి నడుం పట్టేసినప్పుడు కార్పెట్ మీద బోర్లా పడుకోబెట్టి ఎడమ మడమతో తొక్కింది. తొక్కినంతసేపూ తిట్లే. నడవవు, వంగవు, నీళ్ళు తాగవు, నేను తొక్కితే పోయేదైతే డాక్టర్లంతా ఏం చేయాల అని. నమ్మకం లేనప్పుడు ఎందుకొచ్చారక్కా అని అడిగాను.

"నువ్వు ఫోన్లో మూలుగుతాంటే వినలేక వచ్చినా. తొక్కితే ఎవరికీ ఏమీ పోదు. అందుకని తొక్కుతా."

నడుం తగ్గింది. మడమ వల్లో మాత్ర వల్లో నాకిప్పటికీ తెలియదు.

తల్లులకి మాత్రం ఆవిడంటే గుర్రు. పుట్టినరోజు పార్టీల్లో చంటిపిల్లల బుగ్గన దిష్టిచుక్క కనిపిస్తే చాలు, చున్నీ తడి చేసి తుడిచేసేది. అడగదు, చెప్పదు. తనూ ఎప్పుడూ కాటుక పెట్టుకునేది కాదు. మా అమ్మాయి డాన్సు ప్రోగ్రాంకి కళ్ళకి కాటుక దిద్దుతుంటే అవతలి గదిలోకి వెళ్ళిపోయింది. ఏమిటీ చాదస్తం అనుకునేవాళ్ళం. ఎందుకని అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

శ్రీధర్ సంగతికొస్తాను. మా ఆయన స్నేహితుడు, క్లౌడ్ ఆర్కిటెక్ట్, మంచి జీతం, నవ్వుమొహం. తెలంగాణలో వాళ్ళ ఊరి పక్కన గుట్టమీద పాడుపడిన కోట ఒకటుంది. ఒక దీపావళికి వాళ్ళింట్లోనే అందరం ఉన్నప్పుడు అక్క అతని నడుం తొక్కింది. లేచి అటూఇటూ వంగి చూసుకుని, సంతోషంతో నోరు జారాడు. వాళ్ళ తమ్ముడి కూతురు హారిక కూడా ఎదురుకాళ్లతోనే పుట్టిందట. ఎవరో స్వామి పిల్లని చూసి, ఈమెకి భూమిలో నిధి కనపడుతుంది అన్నాడట. వచ్చే అమావాస్యకి కోటలో అంజనం వేయిస్తున్నారట. అంజనం అంటే పిల్ల బొటనవేలి గోటికి నల్లటి కాటుక పూసి, దానిలోకి చూడమంటారు. పిల్ల ఎక్కడ చూపిస్తే అక్కడ తవ్వుతారు.

చుట్టూ ఉన్నవాళ్ళంతా ఇంజినీర్లే. ఒక్కరికీ తప్పనిపించలేదు. దొరికితే మాకూ ఒక బిందె పంపు అన్నారొకరు. ఇక ఉద్యోగం పోతుందన్న భయం లేదురా నీకు అన్నారింకొకరు. సగం వేళాకోళం, సగం నిజంగానే ఆశ. ఆ ఆశ మొహాల్లో కనిపిస్తోంది.

అక్క ఒక్కటే అడిగింది, పాపకి ఎన్నేళ్ళని. ఎనిమిది, థర్డ్ క్లాస్ అన్నాడు శ్రీధర్. అక్క కళ్ళజోడు తీసింది. తుడవలేదు. చేతిలో పట్టుకుని అలాగే నిలబడి, కాసేపటికి తినకుండానే ఇంటికి వెళ్ళిపోయింది. ఆవిడ తిట్టకుండా వెళ్ళిపోవడం నేను చూసింది అదొక్కసారే.

అమావాస్య దాకా ఆవిడకి నిద్ర లేదు. రోజూ శ్రీధర్‌కి ఫోన్. చిన్నపిల్ల, భయపడుతుంది అంటే, జస్ట్ చూడటమే కదక్కా అన్నాడు. పాత కోట తవ్వితే నేరం అంటే, ఎస్సై మనవాడే అన్నాడు. చివరికి, మీకు సెంటిమెంట్ ఎక్కువక్కా, ఇది మన కల్చర్ అన్నాడు. శ్రీధర్ భార్య స్వప్నకి చేస్తే, మా అత్తగారివైపు విషయాల్లో నేను తలదూర్చను అని పెట్టేసింది. ఇండియాలో పోలీసులకి చేసింది. అవతల ఎవరో మండలం పేరు అడిగి, రాసుకుంటున్నామని చెప్పి, పెట్టేశారు. మా ఆయనతో నువ్వైనా చెప్పు అని నేను పోరితే, మనకెందుకు వాళ్ళ ఫ్యామిలీ మేటర్ అన్నాడు. ఈ 'మనకెందుకు' అన్న మాటని మా వాళ్ళు సూట్‌కేసుల్లో పచ్చళ్ళతోపాటు జాగ్రత్తగా తెచ్చుకున్నారు.

అక్కడ అమావాస్య రాత్రి అంటే మాకు శనివారం పొద్దున. ఎండ బాగా వచ్చేసింది. అక్క ఫోన్ చేసి, కారు తియ్, ఈపొద్దు నేను తోలలేను అంది. శ్రీధర్ ఇంటికి వెళ్ళేసరికి గరాజ్ తలుపు తెరిచే ఉంది. అందరూ చెప్పులు విడిచే చోట అక్క ఆగలేదు. బూట్లతోనే వంటింట్లోకి నడిచింది. స్వప్న నేల వైపు చూసింది.

వంటగట్టు మీద లాప్‌టాప్, వీడియో కాల్. చుట్టూ మావాళ్ళు నలుగురైదుగురు ఉప్మా ప్లేట్లు పట్టుకుని క్రికెట్ మ్యాచ్ చూస్తున్నట్టు నిలబడ్డారు. తెరమీద కూలిన కోటగోడ, బ్యాటరీ లైట్లు, నిమ్మకాయలు. ఒక పక్క గడ్డపారలు పట్టుకున్న కూలీలు. మధ్యలో పీటమీద ఆ పిల్ల. తలంటి పోశారేమో, జుట్టు తడిగా ఉంది. పట్టులంగా కట్టారు. నిద్రకి తూలిపోతుంటే వెనకనుంచి తండ్రి భుజాలు పట్టుకుని నిలబెడుతున్నాడు. స్వామి దాని వేలు పట్టుకుని గోటికి నలుపు పూస్తున్నాడు.

అక్క ఆపమంది. శ్రీధర్ చేయి అడ్డం పెట్టి, ముహూర్తం దాటిపోతది, ప్లీజ్ అక్కా, ఇప్పుడు కాదు అన్నాడు. అక్క తెర వంక చూసింది. పిల్ల ఆవులించింది. అక్క కళ్ళజోడు సర్దుకుంది.

"స్వప్నా, కాటుక ఉందా?"

స్వప్న పూజ అలమరలోంచి భరిణె తెచ్చింది. అక్క లాప్‌టాప్ ముందు కూర్చుని, ఎడమచేతి బొటనవేలి గోటికి తనే పూసుకుంది. ఆవిడకి మతి పోయిందేమో అనుకున్నాను.

"స్వామీ, నేనూ ఎదురుకాళ్లదాన్నే. చిన్నప్పుడే అంజనం చూసినదాన్ని. ఆ పాప కొత్తది, దానికేం తెలీదు. దాన్ని పక్కకి పంపించు. నేను చూస్తా."

స్వామి సంబరపడ్డాడు. పిల్లని తల్లి వైపు పంపించారు. ఎవరొచ్చారమ్మా అని అడిగాడు. ఆంజనేయస్వామి వచ్చినాడంది అక్క. నేల ఊడ్చినాడు, నీళ్ళు చల్లినాడు, కుర్చీ వేసుకున్నాడు అంటూ అంజనంలో చెప్పే వరసంతా గడగడా చెప్పింది. ఎన్నడో బట్టీపట్టిన పద్యం అప్పజెప్పినట్టు చెప్పింది. నిధి ఉందా అని అడిగాడు స్వామి.

"ఉండేది. మీ తాతలకంటే ముందే ఎవరో ఎత్తుకుపోయినారు. ఉత్త గొయ్యి ఉంది. గొయ్యిలో ఒక మనిషి ఉండాడు. ఎదదాకా మట్టి. చిన్నోడు, మీసాలు కూడా సరిగ్గా రాలేదు. నీళ్ళు, నీళ్ళు అంటాండాడు. ఎవరూ ఇయ్యలేదంట. గడ్డపార వేసినోళ్ళ ఇంట్లో ఒకరిని పక్కన కూర్చోబెట్టుకుంటాడంట. ఆ పాపని మళ్ళీ ఈడికి తెస్తే పాపనే అడుగుతాడంట."

చెబుతూ చెబుతూ ఏడ్చింది. ముక్కు కారుతూ, తుడుచుకోకుండా ఏడ్చింది. నాటకం అనుకునే వీల్లేదు.

అక్కడ ముందు చెప్పులేసుకున్నది స్వామే. శ్రీధర్ తమ్ముడు పిల్లని భుజాన వేసుకుని గుట్ట దిగి పరిగెత్తాడు. ఫోన్ ఎవరి చేతిలో ఉందోగానీ రాళ్ళూ ఆకాశం గిర్రున తిరిగి కాల్ కట్ అయింది. ఇక్కడ స్వప్న వంగి అక్క కాళ్ళకి మొక్కింది. తర్వాత శ్రీధర్ కూడా వంగాడు. అక్క కాళ్ళు వెనక్కి లాక్కుంది. సింకు దగ్గరికి పోయి, గిన్నెలు తోమే స్టీలు పీచు తీసుకుని గోరు రుద్దింది. నలుపు పోయాక కూడా రుద్దుతూనే ఉంది.

తిరుగుదారిలో ఇండియన్ షాపు పార్కింగ్‌లో ఆపమంది. అక్కడ చెప్పింది నాకు. ఎనిమిదేళ్ళప్పుడు వాళ్ళ మేనమామ ఆవిడని కూడా అలాగే ఒక కొండకి తీసుకుపోయాడట. పని కోసం వచ్చిన కుర్రాడొకడు దారిపొడుగునా ఆవిడని భుజాలమీద ఎక్కించుకుని, రేక్కాయలు కోసిపెడుతూ మోశాడట. గోటిలో ఆవిడకి గోరు తప్ప ఏమీ కనపడలేదు. కాళ్ళు తిమ్మిరెక్కాయి, ఆకలేస్తోంది. కనపడలేదంటే మళ్ళీ చూడు, మళ్ళీ చూడు అంటున్నారు. ఆంజనేయుడు వచ్చాడా అంటే వచ్చాడంది. ఎటు చూపిస్తున్నాడు అంటే, చేయి ఎటు లేస్తే అటు చూపించింది. అది గోడ కింద. తవ్వారు. గోడ కూలింది. ఆ కుర్రాడు ఎదదాకా మట్టిలో ఉండిపోయాడు. ప్రాణం ఉంది, నీళ్ళడిగాడు. పోలీసులొస్తారని అందరూ పారిపోయారు. మేనమామ ఆవిడ నోరు మూసి ఎత్తుకుపోయాడట.

"నా వేలే వాణ్ణి చంపింది. ఆ మాట వాళ్ళింట్లో ఎవరికీ చెప్పలేదు మేము. వాళ్ళమ్మ మా వీధిలోనే చాన్నాళ్ళు బతికింది."

మీరు చిన్నపిల్ల కదా అక్కా అన్నాను. అది నాకూ తెలుసంది. అప్పుడు ఆవిడ గొంతులో ఏ కోపమూ లేదు. నాకు అదే భరించలేనిదిగా అనిపించింది.

నా మంట ఏమిటంటే ఇది. అన్నిరోజులు ఆవిడ చదువు చెప్పింది, చట్టం చెప్పింది, ఎనిమిదేళ్ళ పిల్లరా అని బతిమాలింది. ఇంత పేరున్న డిగ్రీలు పెట్టుకున్న ఒక్క మనిషీ చెవిన పెట్టలేదు. గోటికి ఇంత మసి పూసుకోగానే కాళ్ళమీద పడ్డారు. ఆవిడకి చచ్చినా చేయకూడని పనేదైనా ఉంటే అదే. ఆ పనే ఆవిడ చేత చేయించారు.

అక్కడితో ఆగారా, లేదు. ఆ తర్వాత అక్కకి ఫోన్లే ఫోన్లు. గ్రీన్ కార్డ్ ఎప్పుడొస్తుందో ఒకసారి చూడక్కా. లేఆఫ్ లిస్టులో నా పేరుందా అక్కా. పెళ్ళిలో పోయిన వడ్డాణం ఎవరు తీశారక్కా. నడుంనొప్పులు మానేసి అందరూ గోరు పట్టుకున్నారు. చివరికి ఒక గృహప్రవేశంలో విస్తరి ముందునుంచి లేచి నిలబడి అక్క మొత్తం చెప్పేసింది. నాకు ఏమీ కనపడదు, ఎప్పుడూ కనపడలేదు, నేను చెప్పిన అబద్ధానికి ఒకడు మట్టిలో చచ్చినాడు, శ్రీధర్ ఇంట్లో చెప్పింది కూడా అబద్ధమే అని. చేతులు కడుక్కుని వెళ్ళిపోయింది.

ఆవిడ కారు వీధి మలుపు తిరగకముందే తీర్పు వచ్చేసింది. నిజంగా శక్తి ఉన్నవాళ్ళు అలాగే అంటారట. బయటికి చెప్తే పోతుందట. పైగా శ్రీధర్ వాళ్ళ నోటికాడ కూడు తీసేసిందని, ఏం చూసిందో పూర్తిగా చెప్పలేదని గుసగుసలు. పిలుపులు తగ్గాయి. ఆవిడ పట్టించుకున్నట్టు కనపడలేదు. ఎదురుపడిన చంటిపిల్లల బుగ్గలు తుడుస్తూనే ఉంది.

ఇదంతా తెలిసినవాళ్ళే పోయిన శనివారం మేడమీద నవ్వుతున్నారు. నేను కింద వంటింట్లో, అదే గట్టు దగ్గర, మంచినీళ్ళు తాగుతున్నాను. ఐస్ కోసం శ్రీధర్ దిగివచ్చాడు. సినిమా నచ్చలేదా వదినా అని అడిగి, ఏదో వాతావరణం గురించి చెప్తున్నట్టు మొదలుపెట్టాడు.

"తమ్ముడు మళ్ళ ట్రై చేస్తా అంటున్నడు వదినా. అక్క చూసింది వాళ్ళ ఊరిది కదా, మా ఊరిది కాదు. ఆమెకి రెండూ కలిసిపోయినయ్. కొత్త స్వామి క్లియర్‌గా చెప్పిండు. పాప ఇంకా పెద్దమనిషి కాలేదు, అయితే ఇగ కనపడదంట, ఈ అమావాస్యే లాస్ట్ ఛాన్స్."

అబద్ధం అని చెప్పినప్పుడు నమ్మలేదు. చచ్చిన కుర్రాడి కథ చెప్తే అందులోంచి తనకి పనికొచ్చే సందు ఒకటి వెతుక్కున్నాడు. ఆవిడ పోయింది కాబట్టి ఇక అడ్డం లేదు. అక్కలాగా తిట్టడం నాకు రాదు. గ్లాసు సింకులో విసిరేస్తే పగిలింది. నీ కూతుర్ని కూర్చోబెట్టు అన్నాను. పైన హోమ్‌వర్క్ చేసుకుంటోంది కదా, ఐవీ లీగ్ కోచింగ్ ఎందుకు దానికి, తీసుకెళ్ళి ఆ పీటమీద కూర్చోబెట్టు. శ్రీధర్ నవ్వుమొహం మొదటిసారి నల్లబడింది. మీరు కూడా ఆమె లెక్కనే తయారయిండ్రు అని ఐస్ తీసుకోకుండానే పైకి వెళ్ళిపోయాడు.

స్వప్న చీపురు తెచ్చి గాజుముక్కలు ఎత్తుతూ, తలెత్తకుండా, తోటికోడలి నంబర్ చెప్పింది. నేనిచ్చానని చెప్పకండి అంది. ఆ మాటకి కూడా నాకు కోపమే వచ్చింది. అయినా నంబర్ రాసుకున్నాను.

మర్నాడు పొద్దున్నే చేశాను. ఏం చెప్పాలో తెలియదు. పోలీసులని బెదిరించాలనుకున్నాను, తల్లిని బతిమాలాలనుకున్నాను. ఫోన్ ఎత్తింది ఆ పిల్లే. ఎవలు అంది. గొంతు పెద్దదయింది. ప్లేనోలో ఉన్న అక్క స్నేహితురాల్నని చెప్పాను.

"మా పెద్దమ్మనా? పెద్దమ్మ ఆదివారం ఆదివారం నాతోని మాట్లాడేది. ఇప్పుడు లేదు కద."

నాకు తెలియదు. ఎవరికీ తెలియదు. ఆ అమావాస్య తర్వాత నుంచి ప్రతి ఆదివారం, పోయేదాకా, అక్క ఆ పిల్లకి ఫోన్ చేసింది. ఏం మాట్లాడేది అని అడిగాను. బళ్ళో లెక్కలు చెప్పించుకునేదట. అవయ్యాక ఇద్దరూ ఒక ఆట ఆడేవాళ్ళట. పెద్దమ్మ నాన్నలా గొంతు పెంచి గద్దించేదట, బిడ్డా జర చూడు అని బుజ్జగించేదట, లడ్డు ఇస్తా అనేదట, కొడతా అనేదట. పిల్ల చూడను అనాలి. గొంతు చిన్నగా వస్తే మళ్ళీ చెప్పించేదట.

"కనపడ్తలేదు అనొద్దన్నది. అట్లంటే మళ్ల చూడు, మళ్ల చూడు అంటరంట. చూడను అనమన్నది."

అమావాస్య ఎప్పుడమ్మా అని అడిగాను. ఇంకా ఉంది, కానీ నాయిన ముందే ఒకసారి గోరు చూపిస్తా అన్నాడని చెప్పింది. ఏమైందని అడిగాను.

"నిన్న కాటుక పట్టుకొచ్చిండు. నేను చూడనన్న. కొట్టిండు. మళ్ల చూడనన్న. మళ్ల కొట్టిండు. మూడోసారి నేను అనకముందే అమ్మ లేసి నా ముంగట నిలబడ్డది. అది చూడదు అన్నది."